మూడు కేకల దూరం

బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే షెడ్డు ఒకటుంది. దాని మీద మిద్దెగదిలో ఇరవై ఏళ్లుగా నేను ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. కింద మిషన్ గుర్రుమంటున్నంతసేపూ పైన మేమూ అరుస్తాం. కరెంటు పోయి మిషన్ ఆగినా మా అరుపులు ఆగవు, అలవాటైపోయింది. నా దగ్గర చదివిన పిల్లలు ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే అవతలివాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకుంటారని ఊళ్లో పేరు. ఉద్యోగాలు మాత్రం వస్తున్నాయి. భయపడి ఇస్తున్నారో ఏమో నేను విచారించలేదు.

పాఠం మధ్యలో కథ చెప్పకపోతే నాకు నోరు దురద. మా ఊరి బండ ఎంత నున్నగా ఉంటుందంటే, దాని మీద వాలిన ఈగ ఒకటి జారిపడి కాలు విరగ్గొట్టుకుందనీ, పుత్తూరు కట్టు కట్టించడానికి అగ్గిపెట్టెలో పెట్టుకుని పోతే అక్కడాయన ఆరు కాళ్లలో ఏ కాలప్పా అని అడిగాడనీ, ఇలాంటివి. పిల్లలకు క్రియాపదం గుర్తుండదు, ఈగ గుర్తుంటుంది. ఈగ తోక పట్టుకుని క్రియాపదం దగ్గరికి పోతారు. ఈగకు తోక ఉండదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఉన్నది, జరిగింది, జరగబోయేది, ఈ మూడూ ఎవరైనా నేర్పుతారు. నాకు ఇష్టమైన పాఠం జరగనిది. అక్కడ ఇంగ్లీషు ఒక వింత పని చేస్తుంది. చేతిలో లేనిదాని గురించి చెప్పాలంటే క్రియను ఒక అడుగు గతంలోకి తోసేస్తుంది. 'నాకు మోటార్‌సైకిల్ ఉంటే' అనడానికి 'ఉండె' అని అర్థమొచ్చే 'హ్యాడ్' వాడతారు. అది నిన్నటి సంగతి కాదు, ఇప్పటిదే. లేదు అని చెప్పడానికి వెనక్కి జరిపారు, అంతే. మరి నిన్న జరగనిదాని గురించి చెప్పాలంటే? ఇంకో అడుగు వెనక్కి పోవాలి. అక్కడ ఉంటాయి వుడ్ హ్యావ్, కుడ్ హ్యావ్, మైట్ హ్యావ్. నేను బోర్డు మీద ఒక గీత గీసి ఇది నిజం అంటాను. దాని వెనక ఒక గీత, దాని వెనక ఇంకొకటి. ఆ మూడో గీత అవతల కూడా మనుషులుంటారురా అంటాను. వాళ్లకూ ఏటేటా వయసు పెరుగుతుంది, ఉద్యోగాలుంటాయి, కోపాలుంటాయి. బతికుండడం ఒక్కటే లేదు.

ఆ గీత అవతల నిలబెట్టడానికి నాకొక మనిషి కావలసి వచ్చాడు. మా అన్నను పెట్టాను.

మా అన్న నేను పుట్టకముందే, మూడేళ్ల పిల్లోడుగా చచ్చిపోయాడు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నా ముక్కు చెప్పింది. నా కుడి ముక్కుకు చిన్న బెజ్జం ఉంది, ఇప్పటికీ పూడలేదు. ఒక బిడ్డ పోయాక పుట్టిన బిడ్డను మా పక్క ఎంగిలాకుల మీద దొర్లించి, ముక్కు కుట్టి, చేటెడు తవుడుకు పక్కింటివాళ్లకు అమ్ముతారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ కాబోలనుకుని చావు పక్కకు తొలుగుతుందని. నన్ను కొనుక్కున్నది పక్కింటి సాయిబులామె, పిన్ని వరసన ఖాలా అనేవాణ్ణి. ఆమె ఒకే ఒక్కసారి నోరు జారింది. 'నీకు ముందు ఒకడుండె బేటా, బండల కింద పోయె. మీ అమ్మను అడగాకు' అంది. నేను అడగలేదు. మస్ట్ హ్యావ్ పాఠం వచ్చిన రోజు మాత్రం పిల్లలకు నా ముక్కు చూపిస్తాను. 'అప్పుడు నేను లేను, కళ్లతో చూడలేదు. ఈ బెజ్జం ఉంది కాబట్టి ఒకడు పోయి ఉండాల. జాడ పట్టుకుని వెనక్కి నడవడం, అదే మస్ట్ హ్యావ్.' పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి నా ముక్కులోకి చూసి పోతారు.

మొదటి బ్యాచికి అన్న 'బతికుంటే ముప్పై దాటి ఉండేవాడు', అంతే. రెండో బ్యాచికి మా ఊరి రైల్వే స్టేషన్‌కు మాస్టరయ్యాడు. ఆ తర్వాత పచ్చజెండా ఊపి ఊపి ఆయన కుడిభుజం రవ్వంత కిందికి జారింది. నందికొట్కూరు పిల్లను పెళ్లి చేసుకున్నాడు. ఆమె బొరుగుల ఉగ్గాని తాలింపు పెడితే గూడ్సుబండి డ్రైవర్లు సిగ్నల్ పడినా కదిలేవాళ్లు కాదు. ఒక ఏడాది అన్నకూ నాకూ మాటల్లేవు.

'ఎందుకు సార్?' అని పిల్లలు.

'నేను అబద్ధాలు చెప్తానని.'

వాళ్లకు ఆయనంటే నాకన్నా గౌరవం. 'సార్, నేను డిగ్రీలో మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్నా. మీ అన్న ఏం చేసిండేవాడు?' అని ఒకడు అడిగితే, ఇంగ్లీషులో అడుగు అనేవాణ్ణి. అడిగేవాడు. 'వుడ్ హ్యావ్ కాదు, మైట్ హ్యావ్. కొట్టి ఉండొచ్చు. ఆ రోజు రైళ్లు లేటయి ఉంటే కొట్టడానికి తీరిక ఉండేది కాదు' అని చెప్పేవాణ్ణి.

ఇదంతా బోర్డు మీద ఉన్నంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు బట్టలకొట్లో చొక్కా పట్టుకుని, ఇది అన్నకు భుజాల దగ్గర బిగుతవుతుంది అనుకుని పక్కన పెట్టేశాను. కొనాల్సింది నాకు. ప్లాట్‌ఫాం మీద ఎవరైనా కుడిభుజం వంచి నడిస్తే దగ్గరికి పోయి ముఖం చూసేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. నలభై నిండాక అక్షరాలు మసకబారితే, ఆయన పెట్టుకోకముందే నేను కళ్లజోడు పెట్టుకోవడం మర్యాదా అని ఒక ఏడాది వెనకాడాను. కింద షెడ్డులో అప్పుడే నీళ్లు కొట్టిన నల్లబండ మీద నా నీడ పడుతుంది కదా, దాని పక్కన ఇంకొకటి ఉన్నట్టు తోచి ఆ బండను తొక్కకుండా చుట్టు తిరిగి మెట్లెక్కేవాణ్ణి. పెళ్లాం బిడ్డలు ఉన్నవాణ్ణి, బుద్ధి ఉన్నవాణ్ణే. అయినా చుట్టు తిరిగేవాణ్ణి.

మా అమ్మకు ఇదేమీ తెలియదు. తెలియకూడదనే నా జాగ్రత్తంతా.

ఆమెకు రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతకుమించి లేదు. మా వీధి చివర చర్చి ఆవరణలో కంటి పరీక్షలు పెట్టారంటే నా భార్య తీసుకుపోయింది. అక్కడ పేర్లు రాసుకుంటున్న పిల్ల నా దగ్గర చదివినదే, నర్సింగు చేసి బెంగళూరు ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని చేత్తో తడుముతూ కందుల్లో రాళ్లు ఏరుతోంది. నా చెప్పుల చప్పుడు విని తల ఎత్తకుండానే అడిగింది.

'టేషన్ మాస్టరంట?'

'ఎవరు మా?'

'నీ అన్న.'

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

'చర్చికాడ ఒక పిల్ల నా చేయి పట్టుకున్యాది. అవ్వా, మీ పెద్దాయన బతికింటే టేషన్ మాస్టరయ్యేటోడంట గదా, సార్ చెప్తాంటాడు, శానా మంచోడంట గదా అని కండ్లలో నీళ్లు పెట్టుకున్యాది. యాభై ఏండ్లాయ. వాని కోసరం ఏడ్చిన బయటి మనిషి అదొక్కతే.'

'తప్పయిపోయింది మా. పాఠం కోసం ఏదో...'

'తప్పేముండాది. కూకో.' కందులు చేటలో ఒకసారి కదిపి, 'పెండ్లయిందా వానికి?' అని అడిగింది.

నందికొట్కూరు పిల్ల అని చెప్పాను. 'అంత దూరమా' అంది. ఉగ్గాని సంగతి చెప్పాను. 'నూనె ఎక్కువ పోసి ఉంటాది' అంది. కోడలి మీద ఆ మాత్రం అనకపోతే అత్త ఎట్లయితుంది.

ఆ రోజు నుంచి సాయంత్రం కాఫీ వేళకు ఆమె నాకోసం కాచుకుని ఉండేది. బిడ్డలెంతమంది అని ఒకరోజు. జీతం మంచిదేనా, తాగుడు గీగుడు లేదు కదా అని ఇంకొకరోజు. నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద కట్టిన ఇల్లంతా తలుపు తలుపూ తీసి చూపించాను. లేని గదులు కూడా అప్పటికప్పుడు కట్టాను. మా అమ్మ నవ్వుతూ వినేది. నాకు సంతోషంగా ఉండేది, అడుగున ఎక్కడో భయంగా కూడా ఉండేది. చచ్చిపోయినవాడికి నేను ఇంత తిండి పెట్టి పెంచాను, వాడు ఏదో ఒకరోజు ఏదో ఒకటి అడగకుండా ఉంటాడా అని.

పది రోజులయ్యాక నాకు ఉత్సాహం ఎక్కువైంది. 'అన్నకు చెవులు ఎంత సురుకంటే మా, రైలు డోన్ దాటకముందే ఈడ పట్టాల మీద చెవి పెట్టి, ఎన్ని పెట్టెలుండాయో గూడా చెప్పేటోడు' అన్నాను.

అమ్మ చేతిలో లోటా కింద పెట్టేసింది.

'వినేటోడు కాదప్పా.'

'ఏమి మా?'

'వానికి చెవులు వినపడవు. పుట్టు చెవుడు.'

నా ముక్కు బెజ్జం ఈ సంగతి చెప్పలేదు. ఖాలా చెప్పలేదు. నేను పెంచిన అన్న ఇరవై ఏళ్లు టెలిఫోన్లు ఎత్తాడు, విజిల్ విన్నాడు.

'మీ నాయన బండ మంచిదో చెడ్డదో ఎట్ల చూసేటోడు?' అని అమ్మ మొదలుపెట్టింది. 'సుత్తితో తట్టి. ఖంగుమంటే మంచి బండ, మొద్దుగా పలికితే లోపల పగులు. వీనికి రెండేండ్లు నిండినా మాట రాల్యా. ఒగనాడు మీ నాయన వాని ఎనక కంచు తట్ట పట్టుకోని సుత్తితో కొట్టినాడు. ఇల్లంతా మోగింది. వాడు తిరిగి చూడల్యా. చీమల బారు చూసుకుంటాండాడు. మీ నాయన సుత్తి కింద పెట్టి, ఎవరికీ చెప్పాకు అన్యాడు. ఒంటిమిట్ట రామయ్యకు మొక్కుకున్యాం. ఎవరన్నా అడిగితే మాటలు ఆలస్యమని చెప్పుకుంటాంటిమి. మేము పనిచేసే గనిలో ఒక్కరికి గూడా తెలీదు.'

నేను నా కాఫీ కూడా కింద పెట్టేశాను.

'వాన్ని గనికి తీసుకపోతాంటి, ఇంట్లో ఎవరుండారు చూసేకి? తీసిన బండలన్నీ గోడ మాదిరి నిలువుగా వాలించి పేర్చిండిరి. అడుగున జారకుండా ఒక ఆపురాయి. వాడు ఆ అడుగునే కూకోని రాతిచెక్కులతో ఇండ్లు కట్టుకుంటాండాడు. నేను నీళ్లకుండల కాడ ఉండా. ఆపురాయి జారింది.'

'మా, వద్దులే.'

'గనిలో ఒక మాటుండేది. బండ జారితే నోరు పరిగెత్తల్ల, కాళ్లు గాదు. ఎవరన్నా పరిగెత్తితే అడుగు కింద చెక్కులు కదిలి పక్క వరస గూడా జారి పదిమంది మీద పడ్తాది. పనికి పోయిన మొదటి దినమే నేర్పిస్తారు. ఆ పొద్దు అందరూ యాడోళ్లు ఆడనే నిలబడి అరిచినారు. వాళ్లకు తెలీదు. నాకు తెలుసు. తెలిసి గూడా నిలబడి అరిచినా. వాడు వినడని తెలిసి గూడా, పేరు పెట్టి మూడు కేకలేసినా. మూడో కేకకు బండలు పడినాయి.'

వసారాలోకి కోడి ఒకటి వచ్చి కందుల వైపు చూస్తే చేత్తో అదిలించింది. కోడి అక్కడ ఉన్నట్టు ఆమెకు ఎలా తెలిసిందో.

'జరగనిదంతా నీకు తెలుసునంట గదా. చెప్పు. నేను పరిగెత్తింటే అందుకునేదాన్నా?'

'యాడ అందుకుంటావు మా! గాలి గూడా అందుకునేది కాదు' అన్నాను, ఊపిరి కూడా తీసుకోకుండా.

అమ్మ నవ్వింది. 'ఈగ కాలు విరిగిందని చెప్పినోడివి. నీ మాట ఎట్ల నమ్మేది?'

మర్నాడు క్లాసులో కుడ్ హ్యావ్ చెప్పాల్సి ఉంది. ఎన్నోసార్లు చెప్పిందే. వుడ్ హ్యావ్ అంటే అటు దారి ఉండింది, మనం ఇటు వచ్చాం అని. కుడ్ హ్యావ్ అంటే శక్తి ఒంట్లోనే ఉండింది, వాడలేదు అని. షుడ్ హ్యావ్ అంటే వాడాల్సింది అని వేలు చూపించడం. మూడు వాక్యాలు రాయండి అంటే పిల్లలు రెండు నిమిషాల్లో రాసి చూపిస్తారు. మా అమ్మ ఆ మూడింటి మధ్య యాభై ఏళ్లు ఇటునుంచి అటు తిరిగింది, ఎవరికీ చూపించలేదు. నేను బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడి, తలనొప్పి అని చెప్పి పిల్లల్ని పంపించేశాను.

కంటి ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చారు. అమ్మ వద్దంది. నా భార్య బతిమాలింది, నేను కసురుకున్నాను. చివరికి, 'ముందు ఆ గనికి తీసుకపో' అంది. 'కండ్లు బాగైనాంక ఆ జాగా చూడలేను. ఇప్పుడైతే చూడకుండా పోయి రావచ్చు. నేను పరిగెత్తింటే ఏమయ్యేదో తెలుసుకోని, దాని ఎనకనే ఆపరేషన్‌కు వస్తా.'

'ఎట్ల తెలుస్తాది మా?'

'నీకు కాళ్లున్నాయి గదా.'

ఆదివారం పొద్దున్నే ఆటోలో పోయాం. ఆ గని మూతపడి చాలా కాలమైంది. గుంతలో పచ్చటి నీళ్లు, చుట్టూ పగిలిన బండల కుప్పలు, వాటి సందుల్లో కంపచెట్లు. ఆటోను రోడ్డు మీద ఆపి అమ్మ చేయి పట్టుకుని నడిపించాను. నడిపించాను అని రాశాను గానీ దారి చూపించింది ఆమె. కాలి బొటనవేలితో రాతిగట్టును తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ బండలో గుండ్రంగా మూడు గుంతలు తొలిచి ఉన్నాయి, నీళ్లకుండలు కుదురుగా నిలవడానికి. వంగి ఒక గుంతలో చేయి పెట్టింది. 'ఈడ' అంది. తర్వాత చేయి చాపి, 'ఆ మెట్టు కింద వాడు' అంది.

నేను పోయి చూసి వచ్చాను. ముప్పై అంగలు ఉంటుంది, నేలంతా రాతిచెక్కులు.

'మూడు కేకలేస్తా. మొదటి కేకకు బయల్దేరు' అంది.

అప్పటికే నిర్ణయించుకుని ఉన్నాను. జన్మలో ఇన్ని అబద్ధాలు నోటితో చెప్పినవాణ్ణి, ఒకటి కాళ్లతో చెప్పలేనా? మెల్లిగా పరిగెడతాను, సగం దూరంలో మూడో కేక వినబడుతుంది, అమ్మా ఎవరి వల్లా కాదు అంటాను, ఇంటికి పోతాం, ఆపరేషన్ చేయిస్తాం.

అమ్మ మొదటి కేక వేసింది.

మా అన్న పేరు నేను వినడం అదే మొదలు. ఆ పేరు ఇక్కడ రాయను. డెబ్బై దాటిన మనిషి గొంతు కాదది, పాతికేళ్ల ఆడమనిషి గొంతు. ఆ గొంతు నన్ను ఎప్పుడూ అట్లా పిలవలేదు. ఎంగిలాకుల్లో దొర్లించి తవుడుకు అమ్మిన బిడ్డను చావు వినేంత గట్టిగా ఎవరు పిలుస్తారు? నా కాళ్లు నా మాట వినలేదు. పరిగెత్తాను. మెట్టు కింద ఒకడు గొంతుకూర్చుని ఉన్నాడు. నేను పెంచిన స్టేషన్ మాస్టరు కాదు, భుజం జారినవాడు కాదు. ఇంత వీపు, సన్నటి మెడ, వెనకనుంచి కనిపించే రెండు చెవులు. వాడు తిరిగి చూడడం లేదు. రెండో కేక నా వీపుకు తగిలింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండు చేతులూ చాపుకుని మెట్టు కింద పడ్డాను.

అక్కడ రాతిచెక్కులు తప్ప ఏమీ లేవు. మూడో కేక అప్పుడు వినబడింది.

అమ్మ అడిగింది. 'అందుకున్యావా?'

లేదు అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను. 'అందుకున్నా మా' అని వచ్చింది.

ఆమె కుండల గుంత పక్కన అట్లాగే కూర్చుండిపోయింది. నేను కుంటుతూ వచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. 'ఊఁ' అంది, ఎవరో ఎప్పుడో చెప్పిన మాటకు ఇప్పుడు జవాబు చెప్పినట్టు. నా జన్మలో నేనంత తప్పు పని ఎప్పుడూ చేయలేదు అనిపించింది. ఆమె పమిట కొంగు అంచును వేళ్లతో మడతలు పెడుతోంది, విప్పుతోంది. ఆ వేళ్లు చూస్తూ లెక్క వేశాను. యాభై ఏళ్లు. నేను పుట్టి యాభై ఏళ్లు.

'మా, అప్పుడు నేను యాడుండా?'

'యాడుంటావు? నా కడుపులో. ఏడో నెల.'

'మరి నేను ఉత్తచేతులతో పరిగెత్తితిని గదా!'

అమ్మ నా వైపు తల తిప్పింది. నేను లేచి చుట్టూ వెతికి ఒక బండముక్క తెచ్చాను, రెండు చేతులతో కడుపుకు ఆనించి పట్టుకోవలసినంత. ఆమె దాన్ని ఒడిలో పెట్టించుకుని బరువు చూసింది. పదేళ్లు గనిలో బండలు మోసిన చేతులు. 'ఇంత లేవు' అని తోసేసింది. ఇంకొకటి తెచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి పట్టుకుంది, అంచుల మీద చేయి ఆడించింది, కొంచెంసేపు పొట్టకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

'ఇది' అంది. 'ఇంత ఉంటివి. నీళ్లతో కలిపి.'

దాన్ని పొట్టకు హత్తుకుని నిలబడ్డాను. ఒక చెప్పు ఉంది, ఒక చెప్పు లేదు. ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్లో గానీ నాకు నవ్వు రాలేదు. 'ఇప్పుడు ఎయ్యి మా' అన్నాను. ఈసారి కాళ్లతో అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా లేదు. నిజంగా అందుకోవాలని ఉంది. బండ నా పొట్టను వెనక్కి లాగుతోంది, కింద చెక్కులు కనబడడం లేదు, అడుగు ఎక్కడ వేస్తున్నానో తెలియడం లేదు. వాడు మళ్లీ కూర్చునే ఉన్నాడు. రెండో కేక. ఒకసారి తూలాను, బండను వదలలేదు, వదిలితే నేనే పడిపోతానని తెలుసు. మూడో కేక.

ఆగిపోయాను. ముందు ఖాళీ నేల ఉంది. అక్కడ ఎవరూ లేరు.

'ఎంత దూరముండాది?' అని అమ్మ కేకేసి అడిగింది. ఆమెకు నేనొక మసక నీడనే, కొలిచి చూడలేదు. ఏం చెప్పినా చెల్లుతుంది.

'నాలుగు అంగలు మా.'

గుంతలో పచ్చనీళ్ల మీద గాలి నడిచింది.

'నాలుగేనా?'

'నాలుగే.'

'ఇన్ని అబద్ధాలు చెప్తావు. పది అని ఉండొచ్చు గదప్పా.'

'అనింటే నమ్మేదానివా?'

'నమ్మేదాన్ని గాదు.'

ఆమె లేచింది. నేను బండ దింపి ఎదురు పోయేలోగా తానే మెల్లగా, కాలితో తడుముకుంటూ నడిచి వచ్చింది. నా భుజం అందుకుని పక్కన నిలబడింది. 'నువ్వు యాడ ఆగితివి?' అంటే బండ పెట్టినచోటు చూపించాను. దానికి మడమ ఆనించి మెట్టు వైపు తిరిగింది. నన్ను చేయి పట్టుకోనివ్వలేదు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టుకుంటూ నడిచింది. పొట్టి మనిషి, పొట్టి అంగలు. మెట్టు కాలికి తగిలినప్పుడు ఆగింది.

'నీవి నాలుగు' అంది. 'నావి ఆరు.'

అక్కడే వంగి, నేల మీద రాతిచెక్కులను చేత్తో ఒక పక్కకు ఊడ్చి, అంత చోటు శుభ్రం చేసి కూర్చుంది. నేను ఊడిపోయిన చెప్పు వెతుక్కోవడానికి పోయాను. ఆమె నాతో కాక ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతోంది, కాబట్టి కొంచెంసేపు దొరకలేదన్నట్టే వెతికాను.